చేసి నేర్చుకునే సైన్సు – మన బిడ్డల హక్కు

(కార్మిక అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వవిద్యాలయాల్లో సైన్సును ఎలా బోధించాలన్నది ఆచార్యులకే పరిమితమైన ప్రశ్న కాదు. రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనం రెక్కల కష్టంతో బిడ్డలను డిగ్రీ చదువులకు పంపుతున్నాం. వారిలో అనేకులు అక్కడ నోట్సు రాసుకొని, బట్టీపట్టి, పరీక్షలో అప్పగించి వస్తున్నారు. వర్క్‌షాపులో అప్రెంటిసు బ్రేకును విప్పి బిగించి నేర్చుకుంటాడు. ఆర్.ఎం.ఎస్. ఉద్యోగి ఉత్తరాలను గూళ్ళలో వేస్తూనే సార్టింగు నేర్చుకుంటాడు. సైన్సును మాత్రం విని నేర్చుకొమ్మనడం ఏమి న్యాయం?

ఒక ఉదాహరణ చూద్దాం. భూతద్దంతో వెలుగుతున్న దీపపు ప్రతిబింబాన్ని తెరపై పట్టాం. అద్దంలో పై సగాన్ని అట్టముక్కతో మూస్తే ఏమవుతుంది? ప్రతిబింబంలో సగం మాయమవుతుందని, సూత్రాలు కంఠస్థమైన విద్యార్థులు సైతం చాలామంది చెబుతారు. వాస్తవానికి ప్రతిబింబం పూర్తిగానే ఉంటుంది. వెలుగు మాత్రమే తగ్గుతుంది. దీపంలోని ప్రతి బిందువు నుండి వచ్చే కిరణాలు అద్దమంతటా పడతాయి. మూయని సగమే వాటిని యథాస్థానానికి చేర్చగలదు.

క్రియాశీల అభ్యసనమంటే ఇదే. విద్యార్థి ముందుగా తన ఊహను కాగితంపై రాస్తాడు, పక్కవారితో వాదిస్తాడు, ప్రయోగాన్ని కళ్ళారా చూస్తాడు, ఊహ ఎక్కడ తప్పిందో తానే వివరిస్తాడు.

ఈ పద్ధతిలో కాంతిశాస్త్రాన్ని బోధించేందుకు యునెస్కో 2004లో ఘనాలో వర్ధమాన దేశాల అధ్యాపకులకు శిక్షణ శిబిరాలు ప్రారంభించింది. 2005లో ట్యునీషియాలోను, 2006లో మొరాకోలోను, మన దేశంలోను అవి జరిగాయి. శిక్షకుల్లో అమెరికా వారితోపాటు ట్యునీషియా, ఫిలిప్పీన్స్ శాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు. చవకగా, స్థానికంగా దొరికే సామగ్రితోనే ప్రయోగాలు రూపొందించారు.

ఫలితమేమిటి? 225 అధ్యయనాలను క్రోడీకరించి 2014లో అమెరికాలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కేవలం ఉపన్యాసాలు విన్న తరగతుల్లో సుమారు 34 శాతం విద్యార్థులు తప్పగా, క్రియాశీల తరగతుల్లో తప్పినవారు 22 శాతమే. మన ఇళ్ళలో ఒక ఏడాది తప్పడమంటే ఒక ఏడాది ఫీజు, ఒక్కోసారి చదువే ఆగిపోవడం.

అయితే ఒక హెచ్చరిక. సామగ్రి చవకైనదని చెప్పి ప్రభుత్వాలు ప్రయోగశాలల నిధులకు కోత పెట్టరాదు. భూతద్దం చవకే, దానిని పాఠంగా మలచగల అధ్యాపకుడు చవక కాదు. గంటల లెక్కన కూలి పొందే అతిథి అధ్యాపకుడు, వందలమంది కిక్కిరిసిన గదిలో ఈ పని చేయజాలడు.

కావున మన కోర్కెలు స్పష్టం: ఖాళీలను శాశ్వత నియామకాలతో నింపాలి. అధ్యాపకులకు శిక్షణ ఇవ్వాలి. జ్ఞాపకశక్తిని గాక ఆలోచనను పరీక్షించాలి. ఉపాధ్యాయ, విద్యార్థి సంఘాలతో కలిసి వీటిని సాధించుకుందాం. మన అధ్యయన తరగతుల్లోనూ వినడంతో సరిపెట్టక, ప్రశ్నించి, చర్చించి నేర్చుకుందాం.