గొర్రెపిల్లలకు అదనపు మేత

కొనకనమిట్ల చుట్టుపట్ల గ్రామములలో మంద మేతకు పోయినపుడు పసిపిల్లలు దొడ్డిలోనే ఉండిపోవును. సాయంకాలము తల్లులు తిరిగి వచ్చువరకు వాటి అరుపులు వీధి చివరకు వినబడును. ఆ పగటివేళ పిల్ల కడుపులోనికి ఏమి పోవుచున్నదన్నదే నేటి మా ప్రసంగము.

ఈ ప్రాంతపు జీవాలలో నెల్లూరు జాతి ముఖ్యమైనది. తెల్లని పల్లా, ముఖముపై నల్లని గుర్తులు గల జోడిపి, ఎర్రని దొర అని అందు మూడు రకములు. మన దేశపు గొర్రెలలో ఇంత పొడవైన జాతి మరొకటి లేదు. వీనిని పెంచునది ఉన్నికి కాదు, మాంసమునకు. కావున పిల్ల పెరుగుదలయే కాపరి రాబడి.

ఆ పెరుగుదల తల్లి కడుపులోనే మొదలగును. ఐదు నెలల చూలులో పిల్ల బరువున సుమారు 70 పాళ్లు చివరి నెలన్నరలో వచ్చునవే. అప్పుడు తల్లిని పస్తు పెట్టి, పుట్టిన పిల్లకు టానిక్కు త్రాగించుట వలన ప్రయోజనమేమి? పుట్టిన వెంటనే జున్నుపాలు త్రాగించుట అంతకన్న మిన్న.

పసిపిల్లకు నెమరుపొట్ట ఎదిగి ఉండదు. ఎండుమేతను, గింజను కొరుకుటతోనే అది పనికి అలవడును. రెండు మూడు వారముల వయసునుండి దొడ్డిలో ఒక మూల తడక కట్టి, పిల్లలు మాత్రమే దూరగల సందు ఉంచి, దాణా పెట్టవలెను. నలగగొట్టిన జొన్న లేక మొక్కజొన్న 50 పాళ్లు, వేరుసెనగ చెక్క 30, తవుడు 17, ఖనిజ మిశ్రమము 2, ఉప్పు 1. బూజు పట్టిన చెక్క ఎంత చవుకగా దొరికినను వలదు. తొలుత రోజుకు పిల్లకు 50 గ్రాములు చాలును. మూడవ నెలకు మెల్లగా 150 వరకు పెంచవచ్చును. ఒక్కసారిగా గింజ ఎక్కువైనచో కడుపు పులిసి పిల్ల చచ్చుటయు కలదు. చిటుకు రోగమునకు టీకా వేయించుట మరువరాదు. సుబాబుల్ ఆకు మంచిదే, కాని మొత్తము మేతలో మూడవ వంతు మించరాదు.

ఖనిజ మిశ్రమము విషయమున కొంత హెచ్చరిక అవసరము. ఆవులకని అమ్ము పొడిలోని రాగి గొర్రె కాలేయమున పేరుకొని విషమగును. గొర్రెలకని తయారైనదే కొనవలెను. పైగా ఈ ప్రాంతపు బావినీట ఫ్లోరైడు అధికమని శ్రోతలెరిగినదే. మనుషుల పండ్లను, ఎముకలను చెరుపు ఆ ఫ్లోరైడు జీవాలను మాత్రము విడుచునా? శుద్ధి చేయని రాతి ఫాస్ఫేటు కలిసిన మిశ్రమము కొన్నచో ఆ చేటును డబ్బిచ్చి పెంచుకొన్నట్లే.

మాంసపు గుణమును గూర్చి ఒక మాట. ఇ విటమిను మేపిన పిల్ల మాంసము ఎఱ్ఱదనము చెడక ఎక్కువ దినములు నిలుచునందురు, నిజమే. అది చల్లని పెట్టెలలో ఉంచి అమ్ము అంగళ్లవారికి పనికివచ్చును. తెల్లవారి కోసి మధ్యాహ్నమునకే అమ్మివేయు మన సంతలలో దానికై ఖర్చు పెట్టనక్కరలేదని మా అభిప్రాయము. మనకు కావలసినది లేత వయసున నిండిన కండ. అది మొదటి మూడు నెలల మేతవలన వచ్చును.

బేరగాడు పిల్లను ఎత్తిచూచి, నడుము తడిమి ధర చెప్పును. అందుచేత ఒక వ్రేలాడు త్రాసు కొని, పదునైదు దినములకొకసారి తూచి, ఆ అంకెను దొడ్డిగోడపై బొగ్గుతో వ్రాసియుంచుడు. అతడు రాకముందే బరువు మీకు తెలిసియుండును.