రజోనివృత్తి – ఇంటివారి ధర్మము

(దేవస్థాన ప్రాంగణములో మహిళా సత్సంగమునకు విచ్చేసిన భక్తులనుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)

 

ఈనాటి విషయము విని కొందరు ఆశ్చర్యపడి ఉండవచ్చు. సంస్కృతపాఠములు చెప్పుకొన్న ఒక వృద్ధుడు దేవాలయములో నిలిచి, ముట్లుడిగే వయస్సును గురించి మాట్లాడడమేమిటని అనుకోవచ్చు. నేను వైద్యుడను కాను. కాని పంచాంగము చూపించుకోవడానికి మా యింటికి వచ్చేవారు రెండు ప్రశ్నలను తరచుగా తెస్తుంటారు. “అయ్యగారూ, ఇంట్లో ఆమెకు గర్భసంచి తీయించాలి, మంచిరోజు చూడండి” అనేది మొదటిది. వయస్సెంత అని అడిగితే ముప్పైఅయిదు అంటారు, ముప్పైఎనిమిది అంటారు. “యాత్రకు పోతున్నాము, ముట్టు రాకుండ మాత్రలు మింగితే దోషమా?” అనేది రెండవది. శాస్త్రము పేరు చెప్పి అడిగిన ప్రశ్నకు శాస్త్రము ఏమన్నదో చెప్పడము నా విధి. శరీరము సంగతిలో వైద్యులు చెప్పినదే మీకు విన్నవిస్తాను.

సుశ్రుతసంహిత శారీరస్థానములో స్త్రీకి రజస్సు పన్నెండవ యేట మొదలై, శరీరము వయస్సుచేత పండిన తరువాత ఏబదియవ యేట క్షీణిస్తుందని ఉన్నది. నేటి వైద్యుల లెక్క దానికి దూరము కాదు. పాశ్చాత్య దేశములలో సగటున 51 ఏండ్లకు, మన దేశములో 46, 47 ఏండ్లకు ముట్లు ఆగుతాయి. వరుసగా పన్నెండు నెలలు ముట్టు కనబడకపోతే అది రజోనివృత్తి. నలభై నిండకముందే ఆగితే దానిని అకాలమని భావించి వైద్యునికి చూపించాలి.

‘నివృత్తి’ అనే మాటను గమనించండి. చేయవలసిన పని ముగించుకొని మరలడము నివృత్తి. చెట్టున పండు పండడము రోగము కానట్లే ఇదీ రోగము కాదు. అయితే పండే కాలములో దేహము కొంత కలత పడుతుంది. ఆగడానికి కొన్ని ఏండ్ల ముందునుంచే ముట్లు క్రమము తప్పుతాయి. ఉన్నట్టుండి ముఖము, ఎదభాగము వేడెక్కి చెమటలు పోస్తాయి. రాత్రి నిద్ర చెడుతుంది, కీళ్లు నొస్తాయి, చిన్నమాటకే కన్నీరో కోపమో వస్తుంది. దగ్గినా తుమ్మినా మూత్రము జారుతుందని కొందరు గుడికి రావడమే మానుకొంటారు. వీటన్నిటికీ ఉపశమనము ఉన్నది. వేడి ఆవిరులు మరీ బాధిస్తే వైద్యులు ఆ స్త్రీ ఆరోగ్యమును పరీక్షించి తగిన మందు ఇస్తారు. మూత్రము జారడమునకు కటికండరములను బిగించి వదలే వ్యాయామము నేర్పుతారు. చెప్పుకొంటేనే కదా ఉపాయము దొరికేది!

మన ఇండ్లలో ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు ఏమి చేస్తాము? మేనమామకు కబురు పెడతాము, పేరంటము పిలుస్తాము, నువ్వులు, బెల్లము కలిపి దంచిన చిమ్మిలి ముద్దలు చేసి తినిపిస్తాము. ఆ పిల్ల ఎముకలు, రక్తము బలపడాలని పెద్దలు ఏర్పరచిన ఆచారమది. అదే స్త్రీకి ముప్పైఅయిదేండ్ల తరువాత ఆ ముట్టు ఆగినప్పుడు, ఎముకలకు మరల అంతటి పోషణ అవసరమైనప్పుడు, ఎవరికీ కబురుండదు, చిమ్మిలి ఉండదు. భర్తకు తెలియదు, కొడుకు అడగడు, కోడలికి చెప్పుకోవడానికి అత్తగారికి మొగమాటము. మొదటి ముట్టును వేడుక చేసిన ఇల్లు చివరి ముట్టును గుర్తుపట్టకపోవడము న్యాయమా?

ఈ మౌనములోనుంచే మొదటి ప్రశ్న పుట్టింది. తెల్లబట్ట అవుతున్నదని, నడుమునొప్పి అని, ముట్టు ఎక్కువగా పోతున్నదని ఆసుపత్రికి పోయిన స్త్రీ, “పిల్లలు పుట్టారు కదా, ఇక దానితో పనేమి?” అనే మాటకు లొంగి గర్భసంచి తీయించుకొని వస్తున్నది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడండి. 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశము మొత్తము మీద నూటికి ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది. కూలికి పోయే తల్లులు, వలస పోయే తల్లులు నెలనెలా ఆ మూడు రోజుల కూలి పోకూడదని కూడ ఒప్పుకొంటున్నారు. ‘అంటు పోతుంది, పూజలకు అడ్డముండదు’ అని ఒప్పుకొనేవారూ ఉన్నారు.

అమ్మలారా, ఇక్కడ పండితుడుగా ఒక మాట గట్టిగా చెబుతాను. ఆచారము నిమిత్తము అవయవమును తీయించుకోమని ఏ శ్రుతీ ఏ స్మృతీ చెప్పలేదు. మూడు రోజులు దూరముగా ఉన్నందువలన ఏ దేవతా అలగదు. ధర్మమును సాధించడానికి మొట్టమొదటి సాధనము శరీరమని మన పెద్దల నిర్ణయము. సాధనమును పాడుచేసుకొని సాధించే ధర్మము లేదు.

గర్భాశయముతోపాటు అండాశయములను కూడ తీసివేస్తే, ఏబదియవ యేట మెల్లగా రావలసిన నివృత్తి ముప్పైఅయిదవ యేట ఒక్క పగటిలో వచ్చిపడుతుంది. అండాశయములు ఉంచినా కొందరికి అవి కొన్ని ఏండ్లు ముందే పని చాలిస్తాయి. ఎముకలకు, గుండెకు అంతకాలము ఉండవలసిన రక్షణ పోతుంది. పుండుకాయ వ్యాధి, మందులకు లొంగని రక్తస్రావము, బాధించే పెద్ద గడ్డలు, మిక్కిలిగా జారిన గర్భసంచి – ఇటువంటి వాటికి శస్త్రచికిత్స అవసరమే. అప్పుడు భయపడి వెనుకాడకూడదు. తెల్లబట్టకు, నడుమునొప్పికి చాలవరకు మందులే చాలును. అనవసరమైన ఈ శస్త్రచికిత్సలను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకములను ఇచ్చింది. వాటిని అమలు చేయవలసిందని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రములను ఆదేశించింది. కాబట్టి ఎవరైనా ‘తీసివేద్దాము’ అంటే మూడు ప్రశ్నలు అడగండి. రోగమేమిటి? మందుతో పోదా? అండాశయములను ఉంచుతారా? తరువాత ఇంకొక వైద్యురాలికి ఆ కాగితములు చూపించండి. ముహూర్తము కొరకు మా యింటికి వచ్చేది ఆ తరువాతి పని.

ఇక రెండవ ప్రశ్న, ముట్టును వాయిదా వేసే మాత్రలు. మందుల షాపులో అడిగి కొని మింగుతున్నారు. రక్తము గడ్డకట్టే జబ్బు గాని కాలేయవ్యాధి గాని ఉన్నవారికి అవి ప్రమాదము. నలభై దాటి ముట్లు క్రమము తప్పినవారికి మరొక చిక్కు ఉన్నది. పరీక్ష చేయించవలసిన రక్తస్రావము ఆ మాత్రల చాటున మరుగుపడిపోతుంది. మాల్యాద్రి నృసింహస్వామి దర్శనము శనివారము మాత్రమే ఉంటుంది. ఈ శనివారము కాకపోతే వచ్చే శనివారము స్వామి అక్కడనే ఉంటాడు. యాత్రను వాయిదా వేయండి, దేహధర్మమును కాదు.

వ్రతములు, ఉపవాసములు చేసే తల్లులు కూడ ఒకటి తెలుసుకోవాలి. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు ఆజ్ఞ, ఔషధము – ఈ ఎనిమిదీ వ్రతమును భంగపరచవని ధర్మశాస్త్ర నిబంధకారులు ఉదాహరించే వచనము ఉన్నది. ఔషధము ఆ జాబితాలోనే ఉన్నది చూచారా! చక్కెరవ్యాధికి, రక్తపుపోటుకు మందు మింగే ఆమె ఏకాదశినాడు మందు మానితే అది భక్తి కాదు. పాలు త్రాగి, పండు తిని, మందు వేసుకొని చేసిన ఉపవాసము సంపూర్ణమే. మందు ఎప్పుడు, ఎంత అన్నది మాత్రము వైద్యుని అడగండి.

ఇప్పుడు మన సీమకు ప్రత్యేకమైన సంగతి. ముట్లు ఆగిన తరువాత మొదటి అయిదారేండ్లలో ఎముకలలోని సున్నము వేగముగా తరుగుతుంది. ఇది లోకమంతటా ఉన్నదే. కనకగిరి అని పేరుగన్న మన కనిగిరి ప్రాంతమునకు నీటిలోని ఫ్లోరైడ్ కూడ తోడయింది. ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశములో మొదట గుర్తించి 1937లో వైద్యులు ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడేవరకు కనిగిరి కూడ ఆ జిల్లాలోనిదే. ఒంగిన వెన్ను, బిగిసిన మెడ, ముడవని మోకాలు మన పల్లెలలో ఎవరికి తెలియవు? లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపల ఉండడము మేలని, వేరే నీరు లేనిచోట 1.5 వరకు ఓర్చుకోవచ్చునని మన దేశ ప్రమాణము. ఎక్కువైన ఫ్లోరైడ్ ఎముకలో చేరి దానిని పెళుసు చేస్తుంది. సున్నము తక్కువగా తినేవారిని అది మరింత బాధిస్తుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరినకొద్దీ ఉన్నది చిక్కబడుతుంది. కనుక త్రాగడానికి మాత్రమే గాక వంటకు, టీకి కూడ శుద్ధి చేసిన నీటినే వాడండి. ఇంట్లో క్యాను నీళ్లు మగవారికి, పిల్లలకు పోసి, తాను బోరునీళ్లు త్రాగే ఇల్లాలు ఈ సభలో ఎందరున్నారో నేను అడగను. మీ పక్కన కూర్చున్నవారు అడగాలి.

ఆహారము మన వంటింటిలోనే ఉన్నది. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నము ఉన్నది. ఈ వయస్సు స్త్రీకి రోజుకు కావలసినది 1000కి తక్కువ కాదు. రాగిసంకటి, మునగాకు, ఉలవలు, నువ్వులు, పెరుగు, మజ్జిగ – వీటిని రోజూ కొంత కొంత తీసుకోవాలి. నువ్వులను శనికి ముడిపెట్టి దూరము చేయకండి. నాగులచవితికి చిమ్మిలియే కదా నైవేద్యము! చింతపండు వలన మూత్రముద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతున్నదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బాలురతో జరిపిన ఒక పరిశీలనలో కనుగొని 2002లో ప్రకటించారు. చారు త్రాగండి, అయితే చారును నమ్మి చెడ్డనీరు త్రాగకండి. ఉదయపుటెండలో నడవండి. కాళ్లు సహకరించినన్ని ప్రదక్షిణములు చేయండి. దేహభారమును మోస్తూ నడిచే నడక ఎముకకు మేలని వైద్యులంటారు. ప్రదక్షిణములో ఆ మేలూ ఉన్నది.

అన్నిటికంటె జాగ్రత్తగా వినవలసినది ఇది. ముట్లు ఆగి ఏడాది గడచిన తరువాత ఒక్క చుక్క రక్తము కనబడినా, ‘వేడి చేసింది’ అని ఊరకుండక ఆ వారములోనే వైద్యురాలికి చూపించండి. అది ప్రతిసారి పెద్దజబ్బు కాదు గాని, పెద్దజబ్బు అయితే తొందరగా పట్టుకొన్నప్పుడే నయమవుతుంది. ముప్పై దాటిన స్త్రీలకు గర్భాశయముఖద్వారము, రొమ్ము, నోరు – ఈ మూడు చోట్ల పుండుకాయ ఉన్నదేమో పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమము ఉన్నది. మీ ఊరి ఏఎన్ఎమ్మ గారిని అడిగితే ఎప్పుడు, ఎక్కడ అన్నది చెబుతారు. సిగ్గుపడవలసినది అందులో ఏమీ లేదు.

గృహస్థులారా, మీకు ఒక విన్నపము. ఆమె విసుగుకొన్నప్పుడు ‘వయస్సొచ్చినా బుద్ధి రాలేదు’ అనకండి. నిద్ర పట్టిందా అని అడగండి. ఆసుపత్రికి తోడు వెళ్లండి. బిందెలు మీరు మోయండి. అన్నదానమునకు, గోపురమునకు విరాళములిచ్చే దాతలు ఈ సభలో ఉన్నారు. ఊరిలో శుద్ధజలము లేని వీధికి నీరు అందించడము, తల్లులకు ఎముకల పరీక్ష చేయించడము కూడ దేవునికి చేసే కైంకర్యమేనని మనవి.

పోతన భాగవతము తృతీయస్కంధములో దేవహూతి కథ ఉన్నది. తొమ్మిదిమంది కుమార్తెలను కని, పెంచి, అత్తవారిండ్లకు పంపి, భర్త సన్న్యసించిన తరువాత ఆ తల్లి తన కుమారుడైన కపిలుని ఎదుట కూర్చుండి తత్త్వమును అడిగింది. కపిలుడు తల్లి మాటను శ్రద్ధగా విని బదులు చెప్పాడు. తల్లి అడగడము, కొడుకు కూర్చుండి వినడము – ఆ రెండూ మన ఇండ్లలో జరగాలి. ఇంటికి వెళ్లిన తరువాత ఈ వారములో ఒక పూట చిమ్మిలి దంచండి. మొదటి ముద్ద ఆ ఇంటి పెద్ద ఇల్లాలికి పెట్టండి.

శుభమస్తు. స్వస్తి.