పగలు కూడా వెలిగే దీపం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఐరోపా చూసొచ్చావట కదా, పది నిమిషాలు మాట్లాడు, సావనీరులో కూడా వేద్దాం" అన్నారు. ఈఫిల్ టవర్ గురించి చెబుతాననుకొని ఉంటారు. నేను పారిస్ వెళ్ళలేదు. మా అమ్మాయి పోలండ్ రాజధాని వార్సాలో ఎం.ఎస్. చదువుతోంది. పోయిన వేసవిలో సెలవు పెట్టి నేనూ, మా ఆవిడా అక్కడికి వెళ్ళాం. వార్సా, లుబ్లిన్, క్రాకోవ్ అనే మూడు ఊళ్ళు చూశాం. మూడు చోట్లా నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఆ దేశపు యూదుల చరిత్ర. ఆ చరిత్ర మన బడికి ఏమవుతుందని మీరు అడగవచ్చు. అది చివర్లో చెబుతాను. కొంచెం ఓపిక పట్టండి.

విద్యుత్ శాఖ మనిషినైనా, ఏ ఊరెళ్ళినా కట్టడాల పునాదులు చూడడం నాకు అలవాటు. మా అమ్మాయి అద్దెకున్న పేట పేరు మురానూఫ్. అక్కడ చాలా భవనాలు వీధి మట్టానికి లేవు. వీధిలోంచి మెట్లెక్కితే కానీ గుమ్మం రాదు. వరద ముంచే చోటు కాదు కదా, ఇంత మెరక ఎందుకు పోశారమ్మా అని అడిగాను. "నాన్నా, కింద ఇంకో ఊరుంది" అంది.

కింద ఉన్నది యూదుల ఊరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వార్సాలో ముగ్గురిలో ఒకరు యూదులే. పోలండ్ మొత్తం మీద సుమారు 33 లక్షల మంది ఉండేవారు. వాళ్ళు నిన్నమొన్న వచ్చినవాళ్ళు కారు. 1264లోనే ఒక ప్రభువు కలిష్ అనే ఊళ్ళో వాళ్ళకు రక్షణ ఇస్తూ శాసనం చేశాడు. అన్ని వందల ఏళ్ళ కాపురం. నాజీలు వచ్చి 1940లో వార్సా యూదులను ఒక పేటలో పెట్టి చుట్టూ గోడ కట్టారు. ఆ గోడ లోపల నాలుగు లక్షల మందికి పైగా ఉన్నారు. 1942 వేసవిలో వాళ్ళలో ఎక్కువమందిని రైళ్ళలో త్రెబ్లింకాకు తీసుకెళ్ళి చంపేశారు. మిగిలినవాళ్ళు 1943 ఏప్రిల్ 19న తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును అణచి, పేటను నేలమట్టం చేశారు. యుద్ధం అయ్యాక ఆ శిథిలాల గుట్టల మీదే, ఆ శిథిలాలను పొడి చేసి పోత పోసిన ఇటుకలతోనే కొత్త పేట కట్టారు. మా అమ్మాయి రోజూ ఎక్కే మెట్లు అవే. దేశం మొత్తం మీద సుమారు 30 లక్షల మంది యూదులు హతమయ్యారు.

ఆ పేటలో ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ అనే చరిత్ర మాస్టారు ఉండేవారు. గోడ లోపలే కొంతమందిని రహస్యంగా కూడగట్టి, జరిగేదంతా రాయించారు. కేవలం పెద్ద సంగతులే కాదు. బడి పిల్లల వ్యాసాలు, రేషన్ కార్డులు, ట్రాము టికెట్లు, నాటకాల పోస్టర్లు, చాక్లెట్ చుట్టిన కాగితాలు కూడా దాచారు. వాటిలో చాలావాటిని రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి ఒక బడి భవనం కింద పాతిపెట్టారు. 1946లో రేకు పెట్టెలు, 1950లో పాల క్యాన్లు దొరికాయి. మూడో భాగం ఇప్పటికీ దొరకలేదు. దొరికినవి సుమారు 35 వేల పుటలు. రేకు పెట్టెల్లోకి నీళ్ళు దిగి కాగితాలు బాగా పాడయ్యాయి. మూత బిగుతుగా ఉన్న పాల క్యాన్లలోవి మెరుగ్గా నిలిచాయి. అలాంటి క్యాన్ ఒకటి అక్కడి మ్యూజియంలో చూశాను. మన పాల కేంద్రం క్యానులాగే ఉంది. రింగెల్‌బ్లుమ్ మాస్టారిని 1944లో చంపేశారు. తాను దాచినవి ఎవరైనా చదువుతారో లేదో ఆయనకు తెలియదు. అయినా దాచారు.

అక్కడి నుంచి రైల్లో లుబ్లిన్ వెళ్ళాం. యుద్ధానికి ముందు ఆ ఊళ్ళో మూడో వంతు, అంటే సుమారు 43 వేల మంది యూదులే. కోట చుట్టూ వాళ్ళ పేట ఉండేది. ఇప్పుడు అక్కడ ఖాళీ మైదానం, బండ్లు నిలిపే చోటు, బస్సులు తిరిగే రోడ్డు ఉన్నాయి. మధ్యాహ్నం రెండు గంటలు, మంచి ఎండ. పొద్వాలె అనే వీధిలో ఒక పాత వీధి దీపం వెలుగుతోంది. ఈ సభలో మా శాఖవాళ్ళు ఇంకో ఇద్దరు ఉన్నారు, వాళ్ళకు నా బాధ తెలుస్తుంది. "సార్, మా వీధిలో పట్టపగలు లైట్లు వెలుగుతున్నాయి, మీ శాఖ నిద్రపోతోందా?" అని ముప్పై ఏళ్ళుగా ఫోన్లు తీసుకుంటున్నవాణ్ణి. వెంటనే మా గైడుతో, "బాబూ, టైమరు చెడిపోయినట్టుంది, ఎవరికైనా చెప్పండి" అన్నాను.

అతను నవ్వలేదు. ఆ పేటలో యుద్ధానికి ముందు నుంచి మిగిలిన వీధి దీపం అదొక్కటేనట. 2004 నుంచి దాన్ని రాత్రీ పగలూ ఆర్పకుండా ఉంచుతున్నారు. ఇక్కడ మనుషులు ఉండేవారని చెప్పడానికి. నా ఉద్యోగంలో యూనిట్ల లెక్క తప్ప దీపానికి ఇంకో లెక్క ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ దీపాన్ని చూసుకునేది గ్రొద్జ్‌కా ద్వారం అనే పాత భవనంలోని ఒక సంస్థ. ఒకప్పుడు క్రైస్తవుల ఊరికీ, యూదుల ఊరికీ మధ్య దారి ఆ ద్వారమే. 1990లలో ఒక నాటక బృందం, పాడుబడ్డ ఆ భవనంలోకి వచ్చింది. వాళ్ళు యూదులు కారు. పక్కనున్న ఖాళీ మైదానం గురించి బడిలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తెలిసిన తర్వాత నాటకాలతో పాటు ఆ పని కూడా నెత్తిన వేసుకున్నారు. లోపల గోడల నిండా అరలు, అరల నిండా ఫైళ్ళు. పోయిన మనిషికొక ఫైలు చొప్పున 43 వేల ఫైళ్ళు పెట్టాలని సంకల్పం. ఏ పాత రిజిస్టరులోనో, ఏ ఇంటి పన్ను పుస్తకంలోనో పేరు దొరికితే ఆ కాగితం అందులో చేరుతుంది. చాలా ఫైళ్ళలో ఏమీ లేదు. అయినా వాటికీ అరలో చోటు ఇచ్చారు. మా ఆవిడ ఒక ఖాళీ ఫైలు తెరిచి చూసి, మళ్ళీ నెమ్మదిగా మూసి ఉన్నచోటే పెట్టింది. బయటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

బాగా నిండిన ఫైలు ఒకటి ఉంది. హెనియో అనే పిల్లవాడిది. 1933లో పుట్టాడు. వాళ్ళ నాన్న ఏటా అతన్ని ఫోటో తీయించేవాడు. ఆఖరి ఫోటో 1939 జులైలో, ఒక బ్యాంకు గుమ్మం ముందు, నిక్కరు వేసుకొని నవ్వుతూ ఉంటాడు. సెప్టెంబర్ 1న ఒకటో తరగతిలో చేరాలి. సరిగ్గా ఆ రోజే యుద్ధం మొదలైంది. 1942లో ఆ ఊరి పక్కనే ఉన్న మైదానెక్ శిబిరంలో చంపేశారు. ఇప్పుడు ప్రతి ఏప్రిల్ 19న ఆ ఊరి బడిపిల్లలు హెనియోకు ఉత్తరాలు రాస్తారు. కవరు మీద అతని పాత చిరునామా రాసి నిజంగానే పోస్టు డబ్బాలో వేస్తారు. చిరునామాదారు లేరని ముద్ర పడి ఆ ఉత్తరాలు తిరిగి వస్తాయి. వస్తాయని తెలిసే రాస్తారు. నాలుగు గోడల మధ్య చెప్పే చరిత్ర పాఠం కంటే ఆ ముద్ర పిల్లలకు ఎక్కువ చెబుతుందనిపించింది.

చివరగా క్రాకోవ్. అక్కడి కజిమియెష్ పేట 1495 నుంచి ఆ ఊరి యూదులకు ముఖ్యమైన నివాసం. సినగాగులు, అంటే వాళ్ళ ప్రార్థనా మందిరాలు, ఇంకా నిలిచి ఉన్నాయి. యుద్ధానికి ముందు ఊరి జనాభాలో నాలుగో వంతు యూదులు. యుద్ధం తర్వాత మిగిలిన కొద్దిమందిలో కూడా చాలామంది వెళ్ళిపోయారు. 1946లో కియెల్సె అనే ఊళ్ళో, మారణహోమం నుంచి ప్రాణాలతో బయటపడినవాళ్ళ మీదే స్థానికులు దాడి చేసి నలభై మందికి పైగా చంపారు. 1968లో ప్రభుత్వమే వేధింపులకు దిగితే వేలమంది దేశం విడిచారు. ఉన్నవాళ్ళు తాము యూదులమని పిల్లలకు కూడా చెప్పడం మానేశారు.

1988లో, ఇంకా కమ్యూనిస్టుల పాలన ఉండగానే, యూదులు కాని ఇద్దరు యువకులు అక్కడ యూదు సంస్కృతి ఉత్సవం మొదలుపెట్టారు. అది ఇప్పటికీ జరుగుతోంది. 2008లో యూదుల సామాజిక కేంద్రం తెరిచారు. శుక్రవారం రాత్రి అక్కడ అందరూ కలిసి భోజనం చేస్తారు. అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ, "మా అమ్మమ్మ చనిపోయే ముందు చెప్పింది, మనం యూదులమని. అప్పటికి నాకు నలభై దాటాయి. ప్రార్థన మొదటి అక్షరం నుంచి నేర్చుకున్నాను" అని మాతో అంది. 2022లో ఉక్రెయిన్ నుంచి శరణార్థులు వచ్చినప్పుడు అదే కేంద్రం తలుపులు తెరిచి తిండి, బట్టలు పంచింది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది యూదులు కారు. ఒకనాడు ఎవరూ తలుపు తీయక నష్టపోయినవాళ్ళ వారసులు చేసిన పని అది.

అంతా బాగుందని చెప్పను. అదే పేటలో యూదుల పేరు చెప్పి వ్యాపారం చేసే హోటళ్ళున్నాయి. చేతిలో నాణెం పట్టుకున్న యూదుడి బొమ్మలు, ఇంట్లో పెట్టుకుంటే డబ్బొస్తుందని అమ్ముతున్నారు. పోయిన లక్షల మంది తిరిగి రారు, పూర్వపు పేట మళ్ళీ లేవదు. అయినా కొంతమంది తలుపు తీసి పెడుతున్నారు, దీపం ఆరకుండా చూస్తున్నారు. పునరుజ్జీవనం అంటే నేను చూసింది అంతే. అది చిన్నదేమీ కాదు.

ఇక మన బడి మాట. ముందుగా ఒకటి. ఆ మారణహోమానికీ, మన ఊళ్ళో జరిగినవాటికీ పోలిక లేదు. అలా పోలిస్తే తప్పు. నేను తెచ్చుకున్నది పోలిక కాదు, పద్ధతి.

మా బ్యాచ్ వాళ్ళకు 'బొంగరం' గుర్తున్నాడా? ఏడో తరగతిలో నా బెంచీ. వాడు తిప్పిన బొంగరాన్ని అరచేతిలోకి ఎక్కించేవాడు. నేను క్లాసు లీడర్ని. ఒక ఏడు వానలు పడలేదు. వాళ్ళ ఇంటిల్లిపాదీ సుగ్గికి పోయారు. మాస్టారు హాజరు పిలుస్తుంటే, "రాడు సార్, సుగ్గికి పోయినాడు" అని చెప్పింది నేనే. కొన్నాళ్ళకు ఎర్ర సిరాతో వాడి పేరు కొట్టేశారు. మళ్ళీ రాలేదు. నేను ఆ బెంచీలో కాళ్ళు చాపుకొని కూర్చున్నాను. లుబ్లిన్‌లో ఖాళీ ఫైలు చూసినప్పుడు వాడు గుర్తొచ్చాడు. అసలు పేరు గుర్తుకు తెచ్చుకోబోయాను. రాలేదు. వాట్సాప్ గ్రూపులో అడిగాను. ముప్పై నాలుగు మందిలో ఒక్కరికీ తెలియదు.

మన సంఘంలో ఉన్నది పది దాటి బయటపడినవాళ్ళం. మధ్యలో మానేసినవాళ్ళు పూర్వ విద్యార్థులు కారా? వాళ్ళ పేర్లు ఒక్కచోటే ఉన్నాయి: పాత బ్లాకు వెనక గదిలోని అడ్మిషన్ రిజిస్టర్లలో. నిన్న ప్రధానోపాధ్యాయుల వారి అనుమతితో వెళ్ళి చూశాను. పైకప్పు కారుతోంది. రెండు బీరువాల్లో ఒకదానికి చెదలు పట్టింది. నా చేతికి దొరికిన కట్టలో మా ఏడు లేదు. ఇంకా చూడాల్సినవి చాలా ఉన్నాయి.

స్వర్ణోత్సవ గుర్తుగా ఆర్చి కట్టాలని తీర్మానించారు. నేనూ చందా రాశాను, వద్దనడం లేదు. కట్టండి. దానికంటే ముందు ఆ గది కప్పు బాగు చేయించి, రిజిస్టర్లు ఫోటో తీయించి, రెండు ఇనుప బీరువాలు కొందాం. ఆ ఖర్చు నా వంతు. నాకు కావలసింది మనుషులు. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మూతికి గుడ్డ కట్టుకొని, ఒక కుంచె పట్టుకొని రండి. రాలేనివాళ్ళు ఒక కాగితం మీద, మీతో చదివి మధ్యలో ఆగిపోయినవాళ్ళ పేర్లు రాసి ఇవ్వండి. పేరు గుర్తులేకపోతే ముద్దు పేరే రాయండి. అది కూడా లేకపోతే, ఏ బెంచీలో కూర్చునేవాడో, ఏ ఊరి నుంచి నడిచి వచ్చేదో రాయండి. వాళ్ళకూ మన అరలో ఒక ఫైలు ఉంటుంది.

 ఆదివారం కలుద్దాం.