ఫోన్ వణికితే సరిపోదు, ఏం చెప్పిందో తెలియాలి: యాప్‌లో హాప్టిక్ ఫీడ్‌బ్యాక్

ఈ రోజు ఆబిడ్స్ జగదీష్ మార్కెట్ నుంచి మాట్లాడుతున్నా. వెనకాల గోల వినిపిస్తోంది కదా? ఇవాళ్టి టాపిక్ ఆ గోల వల్లే పుట్టింది.

ఇక్కడ ఫోన్లు రిపేర్ చేసే ఒక అన్నకి బిల్లింగ్ యాప్ రాసిచ్చాను. పేమెంట్ పడినా, ఫెయిలైనా ఫోన్ ఒకేలా అర సెకను వణికేది. అలా రాసింది నేనే. ఒక సాయంత్రం అన్న ఇంకో కస్టమర్‌తో బేరంలో ఉన్నాడు. చేతిలో ఫోన్ వణికింది. స్క్రీన్ చూడకుండానే "వచ్చినయ్ పైసల్, పో భయ్యా" అన్నాడు. తీరా చూస్తే ఫెయిల్. 1,800 రూపాయలు పోయాయి. "ఫోన్ చెప్పింది కద తమ్మీ" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. డబ్బులిచ్చేసి, కోడ్ తెరిచాను.

ముందు మోటార్ సంగతి. అన్నే రెండు పాత ఫోన్లు విప్పి చూపించాడు. ఒకదాంట్లో ఈఆర్‌ఎం: ఒక పక్కకి బరువున్న బుల్లి మోటార్ గిర్రున తిరుగుతుంది. స్పీడ్ అందుకోవడానికీ, ఆగడానికీ టైమ్ పడుతుంది. అందుకే "జుయ్య్" అంటుంది. రెండోదాంట్లో ఎల్‌ఆర్‌ఏ: స్ప్రింగ్ మీద బరువు ఊగుతుంది. టక్కున మొదలై టక్కున ఆగుతుంది. అంటే మనం 20 మిల్లీసెకన్లు అని రాస్తే ఒక ఫోన్‌లో చక్కగా తెలుస్తుంది, ఇంకోదాంట్లో అసలు తెలియకపోవచ్చు.

కాబట్టి మిల్లీసెకన్లు మనం లెక్కపెట్టొద్దు. విషయం ఏంటో సిస్టమ్‌కి చెప్తే చాలు. ఆండ్రాయిడ్‌లో వ్యూ మీద పెర్ఫార్మ్ హాప్టిక్ ఫీడ్‌బ్యాక్ పిలవండి. వైబ్రేట్ పర్మిషన్ కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 11 నుంచి అందులో కన్ఫర్మ్, రిజెక్ట్ అని రెండు వేర్వేరుగా ఉన్నాయి. ఐఫోన్‌లో 2016లో వచ్చిన ఐఓఎస్ 10 నుంచే సక్సెస్, వార్నింగ్, ఎర్రర్ ఉన్నాయి.

రెండు జాగ్రత్తలు. ఒకటి, యూజర్ సెట్టింగ్స్‌లో టచ్ వైబ్రేషన్ ఆఫ్ చేసి ఉంటే ఏమీ రాదు. అందుకే డబ్బు విషయంలో రంగు, సౌండ్, పెద్ద అక్షరాలు కూడా ఉండాల్సిందే. రెండు, ప్రతి బటన్‌కీ వణికించకండి. అన్నిటికీ వణికే ఫోన్‌ని చెయ్యి పట్టించుకోవడం మానేస్తుంది.

టెస్టింగ్ ఏసీ రూమ్‌లో వద్దు. నేను నాంపల్లిలో మెట్రో ఎక్కి, కళ్లు మూసుకుని, ఫ్రెండ్‌తో ఏదో ఒకటి నొక్కించా. పడిందో, ఫెయిలైందో చేతికే తెలియాలి. పదిసార్లలో రెండుసార్లు తప్పు చెప్పా. అంటే ఇంకా పని ఉంది. అసలు పరీక్ష జనవరిలో, నాంపల్లి నుమాయిష్ జనంలో!

మీ ఫోన్‌లో "జుయ్య్" ఆ, "టక్" ఆ? కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.