కొలువులో టోటెమ్ పోల్ పెట్టొచ్చా?

షిఫ్టుల మధ్య వీలు చూసుకుని దసరాకి బొమ్మల కొలువు పెడతాం. కొండపల్లి బొమ్మల పక్కన వాంకూవర్‌లో కొన్న బుల్లి టోటెమ్ పోల్ కూడా నిలబెడతాం. స్కూల్లో చదువుకొచ్చిన పిల్లలు అడుగుతున్నారు: "అమ్మా, అది మనది కాదుగా, ఎందుకు పెట్టాం?"

"కొలువులో అన్నీ ఉంటాయిలే" అని కొట్టిపారెయ్యకండి. హైదాల్లాంటి పసిఫిక్ తీరపు ఆదివాసులకి టోటెమ్ పోల్ అంటే ఒక కుటుంబం వంశ చరిత్ర. దానిమీది గుర్తులు వాడుకునే హక్కు వారసత్వంగా వస్తుంది. ఆ స్తంభం నిలబెట్టేటప్పుడు జరిపే పొట్లాచ్ వేడుకని కెనడా చట్టం 1885 నుంచి 1951 దాకా నిషేధించింది. 1921లో పొట్లాచ్ జరిపినందుకు కొందరిని జైల్లో పెట్టారు, వాళ్ల మాస్కులు లాక్కుని మ్యూజియాలకి పంపారు. వాళ్ల పండగేమో నేరం, వాళ్ల బొమ్మేమో షోకేసు సరుకు. పిల్లలకి గుచ్చుకున్నది అక్కడే.

మనకిది తెలియని బాధా? తెల్లపొణికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరుతో ఎవరైనా నకిలీది అమ్మితే మనకి కడుపు మండదూ?

కొలువు మానక్కర్లేదండీ. బొమ్మ అడుగున చూడండి. చేసిన ఆదివాసీ కళాకారుల పేరుంటే, పేరంటానికి వచ్చినవాళ్లకి ఆ కథ పిల్లలచేతే చెప్పించండి. ఎక్కడో ఫ్యాక్టరీలో అచ్చుపోసిందైతే ఈ ఏడు మెట్టు దించెయ్యండి. అడిగిన పిల్లనే ఆ చోట ఏ బొమ్మ పెట్టాలో చెప్పమనండి. ఉంటానండీ.