స్వభావానికి తగిన వృత్తి
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పదవ తరగతి, ఇంటర్ పాసైన పిల్లలకు బహుమతులిచ్చే ఈ సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. బహుమతి పుచ్చుకుని ఇంటికి వెళ్ళిన పిల్లలకు మొదట ఎదురయ్యే ప్రశ్న, "ఇక ఏం చదువుతావు?" అని. ఆ ప్రశ్నను గురించే మాట్లాడతాను.

మన ఇళ్ళల్లో దీనికి జవాబు ఎలా దొరుకుతుందో మీకు తెలియనిది కాదు. పక్కింటి అబ్బాయి ఏ గ్రూపు తీసుకున్నాడు? మామూజాన్ ఏమన్నారు? సౌదీలో ఉన్న బావగారు ఏ పనికి వీసా పంపగలరు? ఏ కాలేజీవాళ్ళు ఫీజు తగ్గిస్తామన్నారు? ఇవన్నీ అడుగుతాం. ఈ పిల్లవాడి స్వభావం ఏమిటని మాత్రం అడగం. ఉర్దూలో మిజాజ్ అంటామే, అదన్నమాట. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి మిజాజ్ ఎలాంటిదని పది ఇళ్ళల్లో వాకబు చేస్తాం. నలభై ఏళ్ళు చేయవలసిన పనికి ఆ వాకబు అక్కర్లేదా?

డబ్బున్న ఇంట్లో పిల్లవాడు ఒక కోర్సులో కుదురుకోకపోతే ఇంకోదానిలో చేర్పిస్తారు. మన సభ్యుల్లో పండ్ల వ్యాపారం, టైలరింగు, మెకానిక్ షెడ్డు, చిన్న ఉద్యోగం మీద బ్రతికేవారే ఎక్కువ. ఏడాది ఫీజు అంటే అప్పు, లేకుంటే తల్లి చేతి గాజులు. పెద్దవాడి చదువుమీద రెండేళ్ళు వృథా అయితే, ఆ దెబ్బ వాడితో ఆగదు. "ఇక చాలు" అని చెల్లెలి చదువు కూడా మాన్పిస్తారు. కావున తగిన దారి ముందే చూసుకోవలసిన అవసరం కలవారికంటే మనకే ఎక్కువ.

మా బడిలో ఒక కుర్రవాడుండేవాడు. ఫ్యాను తిరగకపోయినా, మైకు పలకకపోయినా వాణ్ణే పిలిచేవాళ్ళం. జీవశాస్త్రం పుస్తకం తెరిస్తే నిద్ర. "కొడుకుని డాక్టర్ని చేయాలి మాస్టర్ సాబ్" అని వాళ్ళ నాన్నగారు బైపీసీలో చేర్చారు. రెండుసార్లు తప్పాడు. ఇప్పుడు కరెంటు పనే చేసుకుంటున్నాడు, పనిలో మంచి పేరు కూడా ఉంది. కాని చేతిలో సర్టిఫికెట్ లేదు కనుక పెద్ద కంపెనీలో చేరలేడు. ఆ రెండేళ్ళూ ఐ.టి.ఐ.లో గడిపి ఉంటే అదే పనికి విలువా, జీతమూ రెండూ పెరిగి ఉండేవి.

వృత్తికీ స్వభావానికీ ఉన్న సంబంధం గురించి శాస్త్రజ్ఞులు చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. అమెరికాలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన రాసిన పుస్తకం 1909లో వచ్చింది. ఆయన చెప్పింది తేలికే. నిన్ను నువ్వు తెలుసుకో, పనిని గురించి తెలుసుకో, తరువాత రెండింటినీ సరిపోల్చి చూడు. ఆ తరువాత జాన్ హాలండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1959 నుంచి ఈ విషయం మీద రాస్తూ, మనుషుల మొగ్గును ఆరు రకాలుగా విభజించాడు. మన ఊరి మాటల్లో చెబుతాను.

మొదటి రకం, చేతులతో పనిచేసేవారు. యంత్రం, పనిముట్టు, పొలం, బండి వీరికి ఇష్టం. రెండవ రకం, "ఎందుకు?" అని అడిగేవారు. లెక్క తేలేదాకా నిద్రపోరు. సైన్సు, వైద్యం, పరిశోధన వీరివి. మూడవ రకం, కొత్తగా కల్పించేవారు. ఖుష్‌నవీసీ, బొమ్మలు, డిజైన్లు, రచన వీరికి నప్పుతాయి. మగ్గం వర్కులో తానే కొత్త పువ్వు గీసే అమ్మాయి ఈ కోవలోకే వస్తుంది. నాలుగవ రకం, మనుషులకు సాయపడడంలో తృప్తి పొందేవారు. ఉపాధ్యాయులు, నర్సులు ఇటువంటివారు. అయిదవ రకం, నలుగురిని ఒప్పించి నడిపించేవారు. వ్యాపారం, వకీలు పని, నాయకత్వం వీరికి తగినవి. ఆరవ రకం, క్రమం తప్పనివారు. ఖాతా పుస్తకంలో ఒక్క రూపాయి తేడా వచ్చినా ఊరుకోరు. అకౌంట్లు, బ్యాంకు, ఆఫీసు వీరికి సరిపోతాయి.

ఎవరూ అచ్చంగా ఒకే రకం కారు. ప్రతివారిలోనూ రెండు మూడు కలిసే ఉంటాయని హాలండే చెప్పాడు. ఈ మధ్య పిల్లలు ఫోనులో కొన్ని ప్రశ్నలకు జవాబులిచ్చి, "నేను పదహారు రకాల్లో ఫలానా రకం" అంటున్నారు. అదే పిల్లవాడు కొన్ని వారాల తరువాత మళ్ళీ రాస్తే వేరే రకం రావడం మామూలే. సరదాకి చూడండి, దాన్నిబట్టి కాలేజీ నిర్ణయించకండి. ఏ పనిలో పడితే పిల్లవాడు అన్నం మాట మరచిపోతాడో, ఎవరూ చెప్పకుండానే ఏది మళ్ళీ మళ్ళీ చేస్తాడో గమనించండి. ఏ ప్రశ్నపత్రం కన్నా అది నమ్మదగినది.

మనకు తెలిసిన పెద్దల జీవితాలు చూడండి. 1896లో బొంబాయిలో పుట్టిన సలీం అలీగారు బర్మాలో కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి వెళ్ళారు. అక్కడ ఆయన కళ్ళు పిట్టల మీదే. వ్యాపారం కలిసిరాలేదు. మ్యూజియంలో చిన్న ఉద్యోగం దొరికితే అదీ పోయింది. అయినా పక్షులను విడిచిపెట్టలేదు. మన నిజాం రాష్ట్రంలోని పక్షులను కూడా ఆయన సర్వే చేశారు. 1941లో భారతదేశపు పక్షుల మీద ఆయన పుస్తకం వచ్చింది, 1976లో పద్మవిభూషణ్ లభించింది.

అబ్దుల్ కలాంగారు పైలట్ కావాలనుకున్నారు. డెహ్రాడూన్‌లో ఎనిమిది మందిని తీసుకుంటే ఈయనకు తొమ్మిదో స్థానం వచ్చింది. విమానం నడిపే అవకాశం పోయినా, దాన్ని తయారుచేసే విద్య చేతిలో ఉంది. ఆ విద్య కోసం మద్రాసులో చేరేటప్పుడు ఫీజు కట్టడానికి ఆయన అక్కయ్య జొహరా బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టిందని మనందరికీ తెలుసు. ఆ తాకట్టు తగిన పిల్లవాడి మీద, తగిన చదువు మీద పెట్టినది.

హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు ఫుట్‌బాల్ కోచ్‌గా 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణ పతకాలు తెచ్చిపెట్టారు. నేర్పే స్వభావం తరగతి గదిలోనూ పనికొచ్చింది, మైదానంలోనూ పనికొచ్చింది.

పెద్దలు చెప్పిన దారి ఎప్పుడూ తప్పని నేను అనడం లేదు. ఫాతిమా బీవీగారు కెమిస్ట్రీ చదివిన మనిషి. తండ్రిగారు ప్రోత్సహిస్తే లా చదివారు. 1989లో సుప్రీంకోర్టుకు మొదటి మహిళా న్యాయమూర్తి అయ్యారు. కూతుర్ని ఎరిగిన తండ్రి చెప్పిన మాటకూ, పక్కింటివాణ్ణి చూసి చెప్పిన మాటకూ తేడా ఉంది. ఆడపిల్లల విషయంలో ఈ మాట మరీ మరీ గుర్తుంచుకోవాలి. "ఏదో ఒక డిగ్రీ, తరువాత పెళ్ళి" అనేముందు ఆ అమ్మాయికి లెక్కలు ఇష్టమో, రోగులకు సేవ చేయడం ఇష్టమో ఒక్కసారి అడగండి.

ఉర్దూ మీడియం పిల్లల తల్లిదండ్రులకు మరొక ముఖ్యమైన మాట. పది వరకు ఉర్దూలో చదివి ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలో చేరినవాడు మొదటి కొన్ని నెలలు తడబడతాడు. దాన్ని చూసి "ఈ గ్రూపు వీడికి పడదు" అని తీర్మానించకండి. పాఠాన్ని ఉర్దూలో చెప్పి చూడండి. అర్థమైతే లోపం భాషలో ఉంది, దానికి సాధన చాలు. ఉర్దూలో చెప్పినా మనసు పెట్టకపోతే అప్పుడు స్వభావం గురించి ఆలోచించండి.

దారులు చాలానే ఉన్నాయి. పది తరువాత ఐ.టి.ఐ. ఉంది. పాలిసెట్ రాస్తే మూడేళ్ళ డిప్లొమా, ఆపైన ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండో సంవత్సరంలో ప్రవేశం ఉన్నాయి. ఉర్దూలోనే పై చదువులు కావాలంటే 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. చేరేముందు సెలవుల్లో ఓ పదిరోజులు పిల్లవాణ్ణి ఆ పని జరిగేచోట కూర్చోబెట్టండి. ఆసుపత్రి, వర్క్‌షాపు, ఆడిటర్ ఆఫీసు, ఏదైనా సరే. దీనికి ఖర్చు లేదు. మన సొసైటీలో అన్ని వృత్తులవారూ ఉన్నారు. ఏటా వేసవిలో మన పిల్లలను వారి దగ్గరికి పంపే ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గాన్ని ఈ సభాముఖంగా కోరుతున్నాను.

పిల్లలారా, మీకు ఒక్క మాట. ఇష్టమైన పనిలో కూడా విసుగు పుట్టే రోజులుంటాయి. అంతమాత్రాన అది మీ పని కాదనుకోకండి. అలాగే, మీ మనసులోని మాట అమ్మీ, అబ్బాలతో కోపంగా కాక నెమ్మదిగా, కారణాలతో చెప్పండి. వారు గాజులు తాకట్టు పెట్టేది మీ మీద నమ్మకంతోనే.