చొక్కామీది పేరు
(పాఠశాల క్రీడోత్సవమునాడు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

క్రీడోత్సవమునాడు వ్యాయామ మహిమను గూర్చి మాటలాడుట ఆచారము. ఆ మహిమను మీరు ఉదయమునుండి మైదానమునందు చూచుచునే యున్నారు. కనుక మేము ఆడువారిని విడిచి, చూచువారిని గూర్చి చెప్పదలచితిమి. క్రికెట్టు ఆడువారు జట్టుకు 11 మంది, చూచువారు కోట్లు. వర్తకుని దృష్టి ఈ కోట్లమీదనే యుండును. ఆట చూచువాని మనస్సు ఎట్లు పనిచేయునో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరిశోధించియున్నారు. వానిలో ఒకదానిని కొంత విపులముగా చెప్పెదము. అది ఒక సర్వనామమును గూర్చినది. తెలుగు పాఠము చెప్పువారికి సర్వనామమన్న ఆసక్తి సహజమే గదా!

అమెరికా దేశమునందు రాబర్ట్ చాల్డీని అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సహచరులతో కూడి 1976లో ఒక వ్యాసమును ప్రకటించెను. అక్కడి విశ్వవిద్యాలయములకు సొంత ఫుట్‌బాలు జట్లు కలవు. ఆ ఫుట్‌బాలు మన పిల్లలు కాలితో తన్ను ఆట కాదు; బంతిని చంకనిడుకొని పరుగెత్తు ఆట. పందెములు శనివారమునాడు జరుగును. సోమవారమునాడు ఏడు విశ్వవిద్యాలయముల తరగతి గదులలో విద్యార్థులు ఏ బట్టలు తొడిగి వచ్చిరో పరిశోధకులు వారికి తెలియకుండ లెక్కించిరి. జట్టు గెలిచిన వారము విశ్వవిద్యాలయపు పేరో చిహ్నమో గల చొక్కాలు హెచ్చు; గెలువని వారము తక్కువ. బల్లమీద కూర్చున్న ఆ విద్యార్థి బంతిని తాకనైన తాకలేదు. అయినను ఆ గెలుపు వెలుగు తనమీదను కొంత పడవలెనని అతని ఆశ.

పిమ్మట టెలిఫోనులో మరికొందరు విద్యార్థులను పిలిచి కొన్ని ప్రశ్నలు వేసిరి. జవాబులు ఎట్లున్నను లెక్కచేయక, కొందరితో “మీరు బాగుగా చెప్పితిరి” అనియు, కొందరితో “మీకు అంతగా తెలియదు” అనియు చెప్పిరి. ఆ మీదట, తమ విశ్వవిద్యాలయము ఆడిన ఒక పందెము ఏమైనదని అడిగిరి. జట్టు గెలిచియుండినచో ‘మేము గెలిచితిమి’ అన్నవారు ఎక్కువ. గెలువనిచో ఆ ‘మేము’ తగ్గి, ‘వారు ఓడిరి’ అనుట సాగెను. ఇంతవరకు మన రచ్చబండమీద కూర్చున్న తాతగారును చెప్పగలరు. దీనికి విశ్వవిద్యాలయము అక్కరలేదు. విశేషము తరువాతిది. మెప్పు పొందినవారిలో ఈ భేదము మిక్కిలి స్వల్పము. ‘నీకు తెలియదు’ అని చిన్నబుచ్చబడినవారిలోనే అది కొట్టవచ్చినట్లు కనబడెను. ఎవని గౌరవమునకు అప్పుడే దెబ్బ తగిలినదో, వాడే పరుల గెలుపును గట్టిగా పట్టుకొనెను.

ఆంగ్లమునందు ఈ సర్వనామము ఒక్కటే. మనకు రెండు కలవు: ఎదుటివానిని కలుపుకొన్నచో ‘మనము’, వెలుపల నుంచినచో ‘మేము’. మన ఇరుగుపొరుగువారి తమిళములోను ‘నామ్’, ‘నాంగళ్’ అని ఈ భేదము కలదు. ‘మేము సరకు అమ్ముచున్నాము, మీరు కొనుడు’ అని చెప్పువాడు ఒట్టి వర్తకుడు. ఆటలకు డబ్బిచ్చు ప్రాయోజకుడు అట్లనడు. ‘మన జట్టు, మన గెలుపు’ అనును. డబ్బిచ్చి అతడు కొనునది మైదానములోని అట్టపలక కాదు; మన ‘మనము’లో ఒక చోటు.

అది ఎట్లు పనిచేయును? ఫ్రిట్జ్ హైడర్ అను శాస్త్రజ్ఞుడు 1958లో ప్రకటించిన గ్రంథమునందు దీనికి ఆధారము కలదు. నాకు ఇష్టుడైన వానికి ఒక వస్తువుతో సంబంధమున్నచో, నా మనస్సు ఆ వస్తువును కూడ ఇష్టపడి శాంతించును. రాబర్ట్ జాయన్స్ 1968లో చూపినది ఇంకను సులభము: అర్థము తెలియని గుర్తులనైనను మాటిమాటికి చూపినచో, చూచువానికి వానిపై మక్కువ పెరుగును. క్రికెట్టు పందెము సాగినంతసేపు ఆటగాని రొమ్ముమీద ఒక పేరు కదలుచుండును. దానిని ఎవరును చదువరు, అందరును చూచెదరు. ఇందులో ఒక వినోదమును కలదు. ప్రాయోజకుడెవరో జ్ఞప్తికి రానప్పుడు, బజారులో పేరుమోసిన కంపెనీనే జనులు ఊహించి చెప్పుదురని గీతా జోహర్, మిషెల్ ఫామ్ అనువారు 1999లో నిరూపించిరి. 1996 ప్రపంచ కప్పు పందెములకు అధికార పానీయము కోకా-కోలా. ఆ అధికారమునే ఎగతాళి చేయు ప్రకటనలతో పెప్సీ నడుమ దూరి జనుల నోట నానెను.

మన పిల్లలకు సంబంధించిన పరిశోధన గోవాలో జరిగినది. 1995లో న్యూజీలాండు జట్టు మన దేశమునకు వచ్చి ఆడిన పందెములకు విల్స్ సిగరెట్టువారు ప్రాయోజకులు. ఆ తరువాత అక్కడి పాఠశాలల పిల్లలను ప్రశ్నించి వ్రాసిన వ్యాసము 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు వెలువడెను. సిగరెట్టునకును ఆటలో నేర్పునకును లేని సంబంధమును పిల్లలు కల్పించుకొనిరనియు, అందుచే పొగాకును రుచి చూచుటకు మొగ్గిరనియు అందు తేలెను. పొగాకు కీడు చేయునని ఆ పిల్లలకు తెలియక కాదు, బాగుగా తెలియును. పాఠములో చెప్పితిమి గదా అని సంతృప్తిపడు మావంటి ఉపాధ్యాయులు ఈ వాక్యమునొద్ద కొంచెము ఆగవలసియున్నది. 2001లో ఆ కంపెనీ ఆటల ప్రాయోజకత్వమును తానే విడిచెను. 2003లో పొగాకు ప్రకటనలను నిషేధించు చట్టము వచ్చెను.

ఆ మీదట భారత జట్టు చొక్కా ఎక్కిన పేర్లను చూడుడు. సహారా 2013 వరకు ఉండెను. ఆ వర్గపు రెండు కంపెనీలు ప్రజలవద్ద సేకరించిన సొమ్మును వడ్డీతో తిరిగి ఇమ్మని సర్వోన్నత న్యాయస్థానము 2012లో ఆజ్ఞాపించెను. పిల్లలకు చదువు చెప్పెదమన్న బైజూస్ 2019లో ఎక్కి 2023లో దిగెను. దివాలా వ్యవహారమున దానిని న్యాయపీఠమునకు ఈడ్చినది బాకీ రావలసిన క్రికెట్టు బోర్డే. తరువాతిది డ్రీమ్ లెవెన్. డబ్బు పెట్టి ఆడు అంతర్జాల క్రీడలను, వాని ప్రకటనలను పార్లమెంటు 2025 ఆగస్టులో నిషేధించుటతో అదియు తొలగెను. మరుసటి నెల ఆసియా కప్పులో మన జట్టు రొమ్ముమీద ప్రాయోజకుని పేరే లేక ఆడి గెలిచెను. మా వసతి గృహపు పిల్లల కేకలు ఆ రాత్రి ఏమాత్రము తగ్గలేదు. ఆ చప్పుడు మేము స్వయముగా భరించితిమి.

మన హోసూరులో ఈ ‘మనము’ మరింత చిక్కైనది. రాష్ట్రమునుబట్టి చెన్నై జట్టు మనది. 40 కిలోమీటర్ల చేరువనుబట్టి బెంగుళూరు జట్టు మనది. భాషనుబట్టి హైదరాబాదు జట్టు మనది. ఐపీఎల్ పందెముల కాలమున మన తరగతులు మూడు రాజ్యములగును. ఒక్కొక్క రాజ్యపు జెండాను విప్పి చూచితిమా, లోపల దుకాణము కనబడును. బెంగుళూరు జట్టునకు 2008లో పెట్టిన పేరు ఒక మద్యపు పేరునుండి వచ్చినది. హైదరాబాదు జట్టు పేరులో ఉదయించు సూర్యుడు చెన్నైలోని సన్ టెలివిజను సంస్థవాడు. ‘మన తెలుగు జట్టు’ అని పొంగిపోవు బాలుడు చెన్నై కంపెనీ పేరు నెత్తిన పెట్టుకొని తిరుగుచున్నాడు. తిరుగవలదని మేము అనము. వాని సంతోషము అసత్యము కాదు.

అయితే టెలిఫోను పరీక్ష మమ్ము విడువకున్నది. ఇంటి మాట వీథిలో పలికినంతనే ‘మీది ఇక్కడి భాష కాదు’ అని వినుచు పెరుగు పిల్లవాడు, నోట తెలుగు వచ్చినను వ్రాయ చేతగాక సిగ్గుపడు పిల్ల, రోజూ ఆ రెండవ వర్గములో కూర్చున్నవారే గదా! అట్టివారికి ‘మనము’ అను మాట కూడువంటిది. దానిని ఎవరు వడ్డించినను తినెదరు.

ఈ సంవత్సరము ఒక సంస్థవారు మన క్రీడాకారులందరికిని చొక్కాలు, బూట్లు ఉచితముగా ఇత్తుమని ఉత్తరము వ్రాసిరి. రొమ్ముమీద తమ పేరు, వెనుక చిన్న అక్షరములతో పాఠశాల పేరు ఉండవలెనని వారి నియమము. కోశాధికారిగారు స్వీకరింపుమనిరి, ఖర్చు చూచువారు వారే గనుక ఆ మాట సహజము. మేము కూడదంటిమి. సంఘములో రెండు సమావేశములు నడిచినవి. తుదకు రొమ్ముమీద తెలుగులోను, దాని క్రింద తమిళములోను పాఠశాల పేరు కుట్టించుటకు నిశ్చయమైనది. ఖర్చు పూర్వవిద్యార్థులు భరించిరి. వారి పేర్లు ఈ సంచిక చివరి పుటలో అచ్చగుచున్నవి, చొక్కాలమీద లేవు.

బూట్లకు మాత్రము సొమ్ము చాలలేదు. ఈ ఉదయము 400 మీటర్ల పరుగులో మన పిల్లలు వట్టి కాళ్లతో పరుగెత్తిరి. ఇద్దరు తల్లులు మమ్ము నిలదీసి, “అక్షరములు రొమ్మున వెలిగినవి సరే, కాళ్లు కాలినవి గదా, అయ్యవారూ?” అని అడిగిరి. వారి ప్రశ్న న్యాయమైనది. దానికి మావద్ద ఇంకను జవాబు లేదు. ఆ సంస్థవారి ఉత్తరమును మేము చింపివేయలేదు. బహుమతి ప్రదానము ముగిసిన పిమ్మట తల్లిదండ్రులు వెళ్లిపోక ఈ పందిటిలోనే ఉండ ప్రార్థన. ఆ ఉత్తరమును బిగ్గరగా చదివి వినిపించెదము; బూట్ల వెల ఎంతయో కోశాధికారిగారు చెప్పెదరు. పరుగెత్తిన పిల్లలను కూడ కూర్చుండబెట్టుడు.